లారీకి దొరికిన దారి

సుప్రీంకోర్టు నాటి ప్రధాన న్యాయమూర్తి ధనంజయ చంద్రచూడ్ తమ కొలువులో చివరి పనిదినమైన 2024 నవంబరు 8న, న్యాయమూర్తులు పార్దీవాలా, మనోజ్ మిశ్రాలతో గూడి రాజీవ్ రతూరీ వ్యాజ్యమున వెలువరించిన తీర్పు, వికలాంగుల హక్కుల నియమావళిలోని 15వ నియమపు మొదటి ఉపనియమమును మూలచట్టమునకు విరుద్ధమని కొట్టివేసి, విధిగా అమలు జరుగవలసిన కనీస నియమములను మూడు నెలలలో రూపొందింపుమని కేంద్రప్రభుత్వమును ఆదేశించినది. తీర్పును కొనియాడుటకు పత్రికలు చాలగలవు. మాకు ఇచ్చట కావలసిన పని వేరు. ఏడేండ్లకు పైగా ఆ నియమమునకు ఊపిరి పోసిన వాదము తీర్పుతో చావలేదు. అది వేషము మార్చుకొని కొత్త నియమములలో జొరబడుటకు యత్నింపక మానదు; అట్లు జొరబడునాడు అది చూపబోవు మొదటి సాక్ష్యము మన అండమాన్ నికోబార్ దీవులే యగుననుటలో మాకు సందేహము లేదు.

ఆ వాదమేమనగా, వికలాంగులకు దారి కల్పించు ప్రమాణములు మార్గదర్శకములుగనే ఉండవలెనట. ఎక్కడి వీలును బట్టి అక్కడ అమలు జరుగవలెనట. నేలమీది రూళ్లను నీటిమీదికి తెచ్చి రుద్దరాదట. వినుటకిది వివేకముగ తోచును, ఓర్పుగల పెద్దమనిషి మాటవలె నుండును. ఈ విషయమున ఇంతకు మించిన అసత్యము వేరొకటి లేదని మేము భావించుచున్నాము.

చట్టమేమి చెప్పినదో ముందు చూడుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రమాణములు పాటింపని కట్టడమునకు ప్లాను మంజూరు గాని, పని ముగిసినదను ధ్రువపత్రము గాని ఈయరాదు. ప్రజలు వచ్చిపోవు పాత భవనములను ఐదేండ్లలో సరిచేయవలెను. ఉల్లంఘించినవారికి మొదట పదివేల వరకు, మరల తప్పుచేసినచో ఏబదివేలకు తగ్గక ఐదు లక్షల వరకు జరిమానా. నియమములు వెలువడినది 2017 జూన్ 15న. ఐదేండ్ల గడువు 2022 జూన్ 15న గడచిపోయినది. గడిచెనుగాని ఎవ్వరికిని ఏమియు కాలేదు, కాకుండునట్లు ముందే ఏర్పాటు జరిగినది గనుక. పార్లమెంటు 'చేయవలెను' అన్నచోటనెల్ల 15వ నియమము 'చేసిన మంచిది' అను మార్గదర్శకముల కట్టను చూపి చేతులు దులుపుకొన్నది. సలహాను పాటింపనివానికి శిక్ష వేయు న్యాయస్థానము లోకములో ఎక్కడను లేదు. చట్టము కోరలతో పుట్టగా, ఆ కోరలను ఊడబెరికిన పట్టుకారు దానిని అమలు చేయవలసినవారి చేతిలోనే యుండెను. న్యాయస్థానము కోరికపై హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమునకు చెందిన వికలాంగ అధ్యయన కేంద్రము సమర్పించిన నివేదిక ఈ గుట్టు విప్పుటకు తోడ్పడినదని తెలుగువారు ఒకింత గర్వింపవచ్చును. చూపులేని పౌరుడైన రతూరీ 2005లో వేసిన వ్యాజ్యమునకు 2024లో ఈ ఫలము దక్కినదన్న సంగతి తలచుకొన్నచో మాత్రము ఆ గర్వము నిలువదు.

ఇక దీవుల మాట. రైలు లేని ఈ సీమలో ఓడయే రైలు, ఓడయే బస్సు. కాంబెల్ బే నుండి రాజధానికి రావలసినవానికి ఐదువందల కిలోమీటర్లకు పైబడిన కడలిదారి. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనిపించుకొన్న శ్రీ విజయపురమున ఓడ గట్టుకు చేరినంతనే జెట్టీనుండి ఓడ వాకిలికి ఏటవాలుగ గ్యాంగ్‌వే వేయుదురు: ఇరుకైన పలక, జారకుండుటకు దానిపై అడ్డముగ కొట్టిన పట్టెలు, ఇరుప్రక్కల పట్టుకమ్మి లేక తాడు. కాళ్లున్నవారే మూట నెత్తిన బెట్టుకొని తడబడుచు ఎక్కుదురు. చక్రాల కుర్చీలో వచ్చినవానిని ఇద్దరు కలాసీలు ముందొకరు, వెనుకొకరుగ కుర్చీతో సహా పైకెత్తుకొని పోవలెను. ఆ రెండు నిమిషములు అతని ప్రాణము ఇద్దరి పిడికిళ్లలో ఉండును, ఆపై వారికి కృతజ్ఞత చెప్పుటయు అతని వంతే. టిక్కెట్టు కొన్న ప్రయాణికుని సామానువలె మోయించి, దానికి సహాయమని పేరు పెట్టుట మనకు ఎంత అలవాటైపోయినదనగా, అందలి అవమానము చూపరుల కంటికి ఆననే ఆనదు.

ఇట్లేల యని అడిగినచో సముద్రమును చూపుదురు. ఆటుకును పోటుకును నడుమ ఇచ్చటి నీటిమట్టము సుమారు రెండు మీటర్లు మారును. గట్టు కదలదు, ఓడ కదలును. కావున వాలు గంటగంటకు మారును. కావున కుర్చీకి దారి అసాధ్యము. ఇదియే వారి తర్కము. అదే కడలిపై చాథమ్ రేవునుండి బాంబూ ఫ్లాట్‌కు పోవు వెహికిల్ ఫెర్రీని చూడుడు. మిడిల్ స్ట్రెయిట్ నుండి బారాటాంగ్‌కు బస్సులను, లారీలను దాటించు ఫెర్రీని చూడుడు. ఫెర్రీ గట్టుకు ఆనగానే వెడల్పాటి ఇనుప ర్యాంపు క్రిందికి దిగును. స్కూటరు ఎక్కును, కారు ఎక్కును, సిమెంటు బస్తాల లారీ బరువుగా మూలుగుచు ఎక్కును. ఆటు వచ్చినదని లారీని ఎవ్వరును భుజముల కెత్తుకొనుట లేదు. సముద్రము లారీకొక న్యాయము, మనిషికొక న్యాయము చేయుట లేదు. ఆ భేదము చేసినది మన ఇంజనీర్లు గీసిన పటములు, వానిపై సంతకము పెట్టిన అధికారులు.

పెద్ద ఓడలకు ఆ ర్యాంపు కుదరదందురా? దానికిని మార్గమున్నది, అదియు మన దేశములోనే. 2023 ఏప్రిలులో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో పడవలు ఆగునది రాతిగట్టునకు గాదు, నీటిపై తేలు పాంటూనునకు. మట్టము పెరిగినను తగ్గినను పాంటూను పడవతో సమముగ లేచును, దిగును. కుర్చీలో వచ్చినవాడు ఎవరి చేయియు పట్టకయే లోనికి పోవును. సిడ్నీ రేవులలోను ఇదే పద్ధతిన పాత గట్లను మార్చినారు. ఆ కొచ్చి పడవలను కట్టినది కొచ్చిన్ షిప్‌యార్డు. తన ఓడలకై అండమాన్ పాలనాయంత్రాంగము ఒప్పందము చేసికొన్నదియు ఆ షిప్‌యార్డుతోనే. కేరళపు బ్యాక్‌వాటర్లు శాంతజలములు గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే, కాని శ్రీ విజయపురపు ఫీనిక్స్ బే నడికడలి కాదు, పరువడి గాలులకు చాటైన సహజ నౌకాశ్రయము. పన్నెండు వంతుల నిడివికి ఒక వంతు ఎత్తు మించరాదని ప్రభుత్వ ప్రమాణమే చెప్పుచుండగా, రెండు మీటర్ల తేడాకు కావలసినది ఇరువదినాలుగు మీటర్ల నడవంతెన. విమానాశ్రయమున ఏడువందల కోట్లకు పైగా వెచ్చించి 2023 జూలైలో కొత్త టెర్మినలు తెరచిన ప్రభుత్వమునకు ఈ ఇరువదినాలుగు మీటర్లు దాటరాని అగాధమైనవట!

వీలును బట్టి అను మాటలోని కపటము రాధానగర్ బీచిలో మరింత తేటగా బయటపడును. 2020లో మన రాధానగర్‌కును, విశాఖ రుషికొండకును ఒకేసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించినది. వికలాంగులకు తీరమునకు దారియు, తగిన వసతులును కల్పించుట ఆ పతాకమునకు పెట్టిన షరతులలో ఒకటి. ఇసుక మెత్తనిదని, అలలు పెద్దవని, దీవి దూరమైనదని అప్పుడెవ్వరును అనలేదు. అన్నచో పతాకము రాదు గనుక. కోపెన్‌హేగన్‌లోని ఒక సంస్థ పెట్టిన షరతుకు తలయొగ్గిన యంత్రాంగము, సొంత పార్లమెంటు చేసిన శాసనమునకు మాత్రము వీలు చూచుకొనుచున్నది. విహారమునకు వచ్చిన యాత్రికుడు తీరమునకు పోగలడు. ఆస్పత్రికి పోవలసిన దీవివాసి గ్యాంగ్‌వే ఎక్కలేడు. నిర్బంధమున్నచోట దారి ఏర్పడును, లేనిచోట ఏర్పడదు. భూగోళమునకు ఇందులో ప్రమేయమే లేదు.

పాత ఓడలను మార్చుట ఖర్చుతో కూడిన పనియనుట, వానిని రాత్రికి రాత్రి మార్చలేమనుట సమంజసమే. చట్టము కూడ సాధ్యాసాధ్యములను గమనింపుమన్నది. వికలాంగులు కొద్దిమందియే యనువారికి మాత్రము ఒక మాట: 2011 జనగణన ఈ దీవులలో 6,660 మందిని లెక్కించినది, అదియు ఎనిమిది రకముల వైకల్యములనే లెక్కపెట్టి; నేటి చట్టము గుర్తించునవి ఇరువదియొకటి. ఊతకర్ర పట్టిన ముసలివారు, నిండు చూలాండ్రు, దూరపు దీవులనుండి రాజధానిలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రికి స్ట్రెచరుపై తేబడు రోగులు ఆ లెక్కలో లేనే లేరు.

కొత్త నియమములు వ్రాయువారికి మరొక హెచ్చరిక. చట్టపు 41వ సెక్షను బస్సు స్టాపులను, రైల్వే స్టేషనులను, విమానాశ్రయములను పేరు పేరున పేర్కొన్నది; జెట్టీ ఊసెత్తలేదు. ఢిల్లీలో కూర్చుండి వ్రాసినవారికి జెట్టీ జ్ఞప్తికి రాకుండుటలో వింత లేదు గాని, అదే చట్టము రవాణా వ్యవస్థలను నిర్వచించుచు జలరవాణాను స్పష్టముగ చేర్చినది. కనుక మాకు వర్తింపదని తప్పించుకొను సందు లేదు. జెట్టీ, ఫెర్రీ, గ్యాంగ్‌వే అను మాటలు కొత్త నియమములలో పేరు పేరున ఉండవలెను, సలహాలుగ గాదు, శిక్షార్హమైన విధులుగ. సెల్యులార్ జైలు వంటి స్మారకములకును ఇదే వర్తించును: ఏడు రెక్కలతో కట్టి నేడు మూడు మిగిలిన ఆ కట్టడపు ఆకారమును చూపులేనివాడు వ్రేళ్లతో తడిమి తెలిసికొనుటకు ఒక చేతిస్పర్శ నమూనా చాలును, ఢిల్లీ నేషనల్ మ్యూజియమున 'అనుభవ్' అను స్పర్శమందిరము 2015లోనే వెలసినది.

మూడు నెలల గడువు 2025 ఫిబ్రవరి 8తో తీరినది. ఇకనైనా అండమాన్ పాలనాయంత్రాంగము తన ఏలుబడిలోని ప్రతి జెట్టీ పేరును, ఆటు వేళ అచ్చట గ్యాంగ్‌వే వాలెంతయగుననుటను, దానిని సరిచేయు తేదీని, అందుకు బాధ్యుడైన అధికారి హోదాను ఒక పట్టికగ ప్రకటింపవలెను. కొత్త ఓడకు ఇకమీదట వ్రాయు ప్రతి ఒప్పందములోను చక్రాల కుర్చీ సొంతముగ లోనికి పోగల వాకిలి లేనిచో సొమ్ము చెల్లింపబోమను షరతు చేర్చవలెను. లారీకి వెడల్పు కొలిచిన టేపు ఆ కార్యాలయములలో ఎక్కడనో ఉండియే యుండును.