ఈగలకో అరటిపండు

అరటిపళ్లు కొనేటప్పుడు ఎవరైనా మచ్చలేనివి, నాలుగు రోజులు ఆగేవి ఏరుకుంటారు. నేను మాత్రం ఏడాదిగా అమీర్‌పేట మెట్రో స్టేషను దగ్గరి పళ్లబండి ముందు నిలబడి, ‘ఆ మెత్తబడ్డవి కూడా రెండు వెయ్యి బాబూ’ అంటున్నాను. మొదట్లో అతను నన్ను జాలిగా చూసేవాడు. ఆ రెండింటికీ డబ్బులు తీసుకోవడం కూడా మానేశాడు. అవి ఎవరికో చెబితే ఇంకేమంటాడోనని నేనూ నోరు విప్పలేదు.

మీకు చెబుతాను. అవి మా ఇంట్లో ఈగలకి. ఆ ఈగలు మా ఇంట్లో చీమలకి. ఆ చీమలు మావాడికి ప్రాణం!

కిందటేడు తొలకరి పడ్డ సాయంత్రం మొదలైందీ గొడవ. పంజాగుట్టలో ట్యూషను నుంచి తడుస్తూ వచ్చిన మావాడు జేబులోంచి జాగ్రత్తగా ఒక అగ్గిపెట్టె తీశాడు. లోపల బొటనవేలి గోరుకన్నా పొడవున్న నల్ల చీమ. గండుచీమల రాణి అట. తొలకరికి పుట్టలోంచి రెక్కలతో ఎగిరి, జతకట్టి, కిందకి దిగాక రెక్కలు తానే తెంచుకుంటుందట. ఆ తర్వాత ఏ మట్టిలోనో చిన్న గది చేసుకుని గుడ్లు పెడుతుంది. మొదటి సంతానం పెద్దదయ్యేదాకా తిండి జోలికే పోదు. ఎగరడానికి పనికొచ్చిన కండరాలు కరిగి, అవే దానికీ పిల్లలకీ ఆహారమవుతాయి. ఇంతటి తల్లిని ఇంట్లోంచి పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

గాజు గొట్టంలో అడుగున నీళ్లు, పైన దూది, ఆపైన రాణిగారు. గొట్టానికి నల్లగుడ్డ చుట్టి అలమరలో పెట్టాడు. దాదాపు రెండు నెలలకి ఆరు చిన్న చీమలు బయటికొచ్చాయి. ఇక చక్కెర నీళ్లతో గడిచిపోతుందని నేను సంతోషించాను. ‘చాలదమ్మా’ అన్నాడు వాడు.

నిజమే, చాలదు. పెద్ద చీమలు గట్టి పదార్థం మింగలేవు. రసం మాత్రమే పీలుస్తాయి. పనికి తిరిగే చీమలకి తీపి చాలు. ఎదిగే పిల్లపురుగులకి, గుడ్లు పెట్టే రాణికి మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు పెట్టాం. పూట గడిచేసరికి వాసన. బ్యాటుతో కొట్టిన దోమల్ని పెడదామన్నారు మావారు. వాటి ఒంట్లో ఏ మందు ఉందో ఎవరికి తెలుసు? అప్పుడు తేలిన ఉపాయమే అరటిపళ్ల చుట్టూ ముసిరే ఆ బుల్లి ఈగలు. మామిడితోటల రైతుల్ని ఏడిపించే పండు ఈగ వేరు, ఇది వేరు. దీన్ని శాస్త్రవేత్తలు డ్రోసోఫిలా అంటారు.

వీటి పెంపకం దోసెపిండి పులియబెట్టినంత సులువు. ఖాళీ హార్లిక్స్ సీసాలో బాగా మగ్గిన అరటిపండు గుజ్జు, ఉడికించిన బొంబాయి రవ్వ, కాస్త బెల్లం, చిటికెడు ఈస్టు, బూజు పట్టకుండా నాలుగు చుక్కల వెనిగరు. పురుగులు పైకి పాకి ప్యూపాలుగా మారడానికి ఒక మడతపెట్టిన కాగితం. మూతికి పాత పంచె ముక్క, రబ్బరు బ్యాండు. పాతిక డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు. ఒక్కో ఆడ ఈగ తన జీవితంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. చీమలకి పెట్టేముందు చిన్న డబ్బాలోకి కొన్ని తీసి ఫ్రిజ్‌లో పెడితే చలికి కదలకుండా పడిపోతాయి. అప్పుడు తీసి వేయడమే. పెరుగు గిన్నె పక్కన ఈగల డబ్బా చూసిన రోజు నేనేమన్నానో ఇక్కడ రాయను.

మా దూరపు బంధువుల అమ్మాయి జంతుశాస్త్రం చదువుతోంది. ఎగిరే ఈగలతో మా అవస్థ చూసి, వాళ్ల ల్యాబు నుంచి రెక్కలు సరిగా రాని ఈగల్ని తెచ్చిచ్చింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఓ రోజు మూత తీసినప్పుడు మా అరటిపళ్ల మీది మామూలు ఈగలెప్పుడు దూరాయో, కొన్ని వారాలకి సీసాలో మళ్లీ ఎగిరేవి కనిపించాయి. మావాడు పదో తరగతి పుస్తకం తెచ్చి నా ముందు పరిచాడు. రెక్కలున్నదీ లేనిదీ కలిస్తే మొదటి తరం పిల్లలన్నిటికీ రెక్కలే. ఆ పిల్లలు వాటిలో అవి కలిస్తే నాలుగింట ఒకటి మళ్లీ రెక్కల్లేకుండా పుడుతుంది. మెండెల్ బఠానీల్లో చూసింది మా హార్లిక్స్ సీసాలో జరుగుతోంది! పంజాగుట్ట ట్యూషనులో వారం రోజులు బుర్రకెక్కని పాఠం అది.

అసలు ఈ ఈగ చరిత్రే అలాంటిది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ అనే ఆయన పాలసీసాల్లో వీటిని పెంచేవారు. 1910లో ఎర్రకళ్ల ఈగల గుంపులో ఒక తెల్లకళ్ల మగ ఈగ కనిపించింది. దాని వంశం వెంటపడే ఆయన జన్యువులు క్రోమోజోముల మీదే ఉంటాయని చూపించారు. 1933లో నోబెల్ వచ్చింది. అంత దూరం ఎందుకు, అమీర్‌పేటలో మెట్రో నీలం లైను ఎక్కితే నేరుగా హబ్సిగూడ. అక్కడి సీసీఎంబీలో ఏళ్ల తరబడి ఈ ఈగల మీద పరిశోధన జరుగుతోంది. 2016 నుంచి 2021 దాకా ఆ సంస్థకి డైరెక్టరుగా ఉన్న రాకేశ్ మిశ్రా పరిశోధనలోనూ ఈ ఈగది పెద్ద పాత్రే. మనిషి జబ్బులతో ముడిపడిన జన్యువుల్లో సుమారు ముప్పాతిక వంతుకి ఈ ఈగలో పోలికలున్నాయట. ఇవన్నీ చదివాక, చేయెత్తి కొట్టబోయి ఆగిన సందర్భాలున్నాయి నాకు.

అత్తయ్య మాత్రం మెత్తబడలేదు. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గేసే మనిషి ఆవిడ. చీమలు తింటాయని సుద్దముగ్గు ఇంట్లోకి రానివ్వరు. ‘చీమకి పెట్టడం పుణ్యమేరా. దానికోసం ఈగని పెంచి మరీ చంపడమేమిటి? అదేం పాపం చేసింది?’ అనేవారు. మావాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మే నెల వచ్చింది. పరీక్షలు అయిపోయాయని వాడు సంబరపడుతుంటే ఈగలు తగ్గడం మొదలైంది. కొత్త గుజ్జు పెట్టినా పురుగుల్లేవు. మిగిలిన నాలుగింటినీ, ఓ రాత్రి దోమల మందు ప్లగ్గులో పెట్టి మరిచిపోయి, నేనే చంపాను. పది రోజులు చీమలకి చక్కెర నీళ్లే గతి. ఒక పొద్దున మావాడు గొట్టం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ‘అమ్మా, పిల్లల్ని తినేస్తున్నాయి’ అన్నాడు. తెల్లటి పిల్లపురుగులు సగానికి సగం లేవు. తిండి దొరకనప్పుడు చీమలు చేసే పనే అది.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తిట్టలేదు. ‘ఆకలి అలాంటిది నాన్నా. పెట్టలేనివాడు తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నావుగా, ఇక పెట్టాలి’ అన్నారు.

ఆ పూటే పుస్తకాలు తిరగేస్తే సంగతి తెలిసింది. ముప్పై డిగ్రీలు దాటిన వేడిలో పెరిగితే ఈ మగ ఈగలకి సంతానశక్తి ఉండదు. మే నెల అమీర్‌పేటలో, పై అంతస్తు ఫ్లాటులో ముప్పై ఎక్కడిది? ఈగలకి ఏసీ వేయిస్తామా? అత్తయ్య తన మట్టికుండ పక్కన జాగా చూపించారు. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో సీసా నిలబెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టాం. థర్మామీటరు ఇరవై ఎనిమిది చూపించింది. బంధువుల అమ్మాయి మళ్లీ తెచ్చిచ్చిన ఈగలు రెండు వారాలకి సీసా నిండాయి. గుడ్డ ఆరితే తడిపేది ఎవరనుకున్నారు? అత్తయ్యే. ఈగల్ని చీమలకి వేసేటప్పుడు మాత్రం ‘రామ రామ’ అంటూ అటు తిరిగిపోతారు.

మీ పిల్లలూ చీమల్ని తెస్తే నాకు తెలిసింది నాలుగు ముక్కలు. మన నేల చీమలే మేలు, ఎక్కడో దేశాలవి తెప్పించుకోవద్దు. వద్దనుకుంటే దొరికిన చోటే వదలండి. ఆ గదిలో దోమల మందు పెట్టకండి. ఈగల సీసాలు రెండు ఉంచుకోండి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. అన్నిటికన్నా ముందు, ఎన్నాళ్లు పెట్టగలరో లెక్క వేసుకోండి. యూరప్‌లో ఒకరు పెంచిన నల్లచీమ రాణి 28 ఏళ్లు దాటి బతికిందట. మా రాణి సంగతీ అంతేనైతే, మావాడి పిల్లలకి కూడా నేనే అరటిపండు మెదిపి ఈగలకి పెట్టాలి!

మొన్న పళ్లబండి అతను ఉండబట్టలేక అడిగేశాడు. ‘ఇంట్లో ఆవుందామ్మా?’

‘లేదు బాబూ. ఈగలున్నాయి’ అన్నాను.

‘ఎవరింట్లో లేవులెండి!’ అని నవ్వి, ఇంకో రెండు మెత్తటివి సంచిలో వేశాడు.