చీర చిరిగితే తప్పు చీరదా?

చూపు లేని నా స్నేహితురాలొకరు కాలేజీలో చరిత్ర చెబుతారు. ఆమె నోట్సు కాగితం మీద ఉండదు, ఇరవై గడుల బ్రెయిల్ డిస్‌ప్లేలో ఉంటుంది. గడుల్లో సన్నని చుక్కలు లేస్తూ పడుతూ ఉంటే వేళ్లతో చదువుకుంటూ పాఠం చెబుతారు. చేతులు రెండూ చదవడానికే కావాలి. కాబట్టి అర కిలో బరువున్న ఆ యంత్రాన్ని ఒంటికి తగిలించుకునే నిలబడాలి. దానితో వచ్చిన సంచికి ఒకటే పట్టీ, దాని చివర ఇనుప కొక్కెం, మూతకు వెల్‌క్రో. ఏడాదిలో మూడు చీరలు పోయాయి. ఒకదానికి వెల్‌క్రో తగిలి పట్టు పోగులు లేచాయి, ఒకటి కొక్కెం రాపిడికి నడుము దగ్గర పిగిలింది. మూడోది భుజం వెనక, పిన్ను దగ్గర చిరిగింది. ఆ సంగతి సాయంత్రం బస్సులో పక్కనావిడ చెబితే గానీ ఆమెకు తెలియలేదు.

అమ్మినవాళ్లని అడిగితే వచ్చిన జవాబు ఇది: "మేడమ్, ప్యాంటు వేసుకుంటే బెల్టుకి తగిలించుకోవచ్చు కదా!"

నా పేచీ అంతా ఈ జవాబుతోనే. యంత్రం చేసినవారి ఊహలో దాన్ని వాడేది మగవాడు. అతనికి నడుముకు తోలు బెల్టు, చదునైన ఛాతీ, నాలుగు జేబులు ఉంటాయి. పైట గానీ చున్నీ గానీ ఆ ఊహలో లేవు. ఛాతీ మీదుగా పోయే పట్టీ పైటని పక్కకు లాగితే, అరవై మంది పిల్లల ముందు ఆమె చదవడం ఆపి సర్దుకోవాలి. సరిగ్గా సర్దుకుందో లేదో అద్దంలో చూసుకునే వీలు కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. వారిలో దాదాపు 24 లక్షల మంది స్త్రీలు. సగానికి కాస్త తక్కువ మంది 'మినహాయింపు' ఎలా అవుతారు?

చాలామంది అంధ బాలికలకు బడే లేనప్పుడు చీరల గొడవేమిటని మనలోనే కొందరంటారు. ఆఫీసుల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్లు అడిగినప్పుడూ ఇలాంటి మాటే విన్నాం. చూపులేనిదానికి చీర ఎలా ఉంటేనేం అనే క్రూరత్వం ఈ ప్రశ్న వెనక దాక్కుని ఉంది. చిరిగిన చీరతో తరగతికి వెళ్లలేక ఆమె యంత్రాన్ని ఇంట్లో వదిలేస్తే, పోయేది చీర కాదు, పాఠం.

స్త్రీ బట్టల మీద బరువు మోయడం అసాధ్యమేమీ కాదు. పత్తి ఏరే కూలీలు నడుముకు ఒడి కట్టుకుని కిలోల కొద్దీ పత్తి మోస్తారు. ఆర్టీసీ మహిళా కండక్టరుకు చీర మీద జేబులున్న కోటు ఉంది. శ్రమ కావలసినప్పుడు జేబు కుట్టడం ఈ సమాజానికి బాగానే తెలుసు. చదువు దగ్గరికి వచ్చేసరికే మరిచిపోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్ ప్రకారం, అందరికీ పనికివచ్చేలా రూపొందించిన వస్తువుల, ఉపకరణాల తయారీనీ పంపిణీనీ ప్రోత్సహించడం ప్రభుత్వ బాధ్యత. ఆ ఏడాదే శాఖ హిందీ పేరులో 'దివ్యాంగ్‌జన్' చేర్చారు. దివ్యత్వం దొరికింది గానీ పట్టీ దొరకలేదు!

చివరికి మేము మా వీధి టైలరు దగ్గరికే వెళ్లాం. రెండంగుళాల నవారుతో నడుము పట్టీ కుట్టించాం. ముందువైపు రెండు గుడ్డ ఉచ్చులు, వాటికి యంత్రం సంచి, ఇనుముకు బదులు ప్లాస్టిక్ బకిల్, వెల్‌క్రోకు బదులు టిచ్ బటన్లు. మెడ పట్టీ యంత్రం ఒరిగిపోకుండా ఆపడానికి మాత్రమే. బరువంతా నడుము మీదే. పైట కుచ్చిళ్లు పట్టీ మీదుగా స్వేచ్ఛగా జారతాయి, భుజం పిన్నుకు బరువు తగలదు. మొదటిసారి కుట్టింది మరీ కిందికి వేలాడి వేళ్లకు అందలేదు, విప్పి మళ్లీ కుట్టారు.

ఇది ఒక టైలరు ఒక మధ్యాహ్నంలో చేసిన పని. యంత్రాలు కొని పంచే ప్రభుత్వాలూ మన స్వచ్ఛంద సంస్థలూ టెండరు కాగితంలో ఈ నాలుగు వస్తువులు రాయలేవా? కొనే ముందు చీర కట్టుకున్న స్త్రీకీ, పంజాబీ డ్రెస్ వేసుకున్న అమ్మాయికీ ఒక పూట తగిలించి, నిలబడి చదివి చూడమనలేవా? ఆ కొనుగోలు కమిటీలో బ్రెయిల్ చదివే స్త్రీ ఒక్కరైనా ఉన్నారా అని మీ మీ జిల్లాల్లో అడగండి. మా జిల్లాలో అడిగాం. లేరు.