"ఎక్కడైనా ఉండవచ్చు" అన్న మాట ఎవరికి వర్తిస్తుంది?

ఆఫీసుకు దగ్గరగా ఇల్లు చూసుకోవడం హైదరాబాదు ఉద్యోగులకు చాలాకాలంగా అలవాటైన పద్ధతి. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ తెరుచుకున్న తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వైపు నగరం పరుగెత్తడానికి ఒక ముఖ్య కారణం అదే. 2020 మార్చి లాక్‌డౌన్ ఆ లెక్కను తలకిందులు చేసింది. చాలా కంపెనీలు తర్వాత ఉద్యోగులను వెనక్కి పిలిచినా, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసేవారు, పూర్తిగా ఇంటి నుంచే పనిచేసేవారు ఇవాళ మన కుటుంబాల్లోనూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళే కాదు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారు, లెక్కలు రాసేవారు, అనువాదకులు, విదేశీ కంపెనీల కోసం రాత్రంతా మేలుకునే యువకులు కూడా ఉన్నారు. వీరితో బంధువులు తేలికగా ఒక మాట అంటారు: "మీకేం, ఎక్కడైనా ఉండవచ్చు." ఆ "ఎక్కడైనా"లో ఎన్ని కాలనీలు మిగులుతాయో, టు-లెట్ బోర్డు మీది నంబరుకు ఫోను చేసి పేరు చెప్పిన అయిదో నిమిషంలో తేలిపోతుంది.

ఇల్లు లేదని ముఖం మీద చెప్పేవారు అరుదు. "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు" అంటారు. "మాకేమీ అభ్యంతరం లేదండీ, పక్క ఫ్లాట్ల వాళ్ళే ఒప్పుకోరు" అంటారు. మాంసం వండుతారా అని అడుగుతారు. వండము అని చెప్పినా ఇల్లు దొరకదు. బ్రోకరు అంతకన్నా తెలివైనవాడు. పూర్తి పేరు వినగానే, అడగకుండానే టోలిచౌకిలో మంచి పోర్షన్ ఉందంటాడు. నిరాకరణను ఇంత మర్యాదగా చెప్పడం మన నగరాలు నేర్చుకున్న విద్య. ఆ మర్యాద వల్లనే దాని మీద ఫిర్యాదు చేయడం కూడా కష్టమవుతోంది.

ఇది ఇంతకుముందు లేని సమస్య కాదు. 2005 మార్చిలో ఏర్పాటై 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ, ఇల్లు అద్దెకు తీసుకోవడంలోనూ కొనడంలోనూ ముస్లింలకు ఎదురవుతున్న ఇబ్బందిని నమోదు చేసింది. ఢిల్లీ పరిసరాల్లో సుఖదేవ్ థోరట్ బృందం జరిపిన పరిశోధన 2015లో వెలువడింది. ఒకే అర్హతలు గలవారు ఇల్లు అడిగినా పేరును బట్టి సమాధానం మారుతున్నదని, దళితులూ ముస్లింలూ ఎక్కువగా తిరస్కారానికి గురవుతున్నారని అది చూపింది. అయితే ఇంటి నుంచి పనిచేసేవారి విషయంలో ఈ పాత సమస్య మరింత బరువెక్కింది. దానిని ఇంకా ఎవరూ తగినంతగా పట్టించుకోలేదని మా అభిప్రాయం.

ఆఫీసుకు వెళ్ళే ఉద్యోగి పొద్దున పాతబస్తీ నుంచి బయలుదేరినా, పగలంతా పదిరకాల మనుషుల మధ్య గడుపుతాడు. క్యాంటీన్లో పక్కన కూర్చునే సహోద్యోగి, షేర్ ఆటోలో పలకరించే అపరిచితుడు, రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ అయిందని గుర్తుచేసే స్నేహితుడు ఆ పగటిలో భాగం. నగరం వేరువేరుగా కాపురం పెట్టించిన మనుషులను ఆఫీసు కొన్ని గంటలైనా కలిపి ఉంచింది. పని ఇంటికి వచ్చేసిన తర్వాత ఆ కొన్ని గంటలూ పోయాయి. ఇప్పుడు అతనికి వీధి, మెట్లు, కిరాణా కొట్టు, పిల్లల బడి మాత్రమే లోకం. బస్తీని ఎంచుకోవడమంటే రోజూ ఎవరి ముఖం చూస్తామో, మన పిల్లలు ఎవరితో ఆడుకుంటారో ఎంచుకోవడమే. ఆ ఎంపికను ఇంటి యజమానులూ అపార్ట్‌మెంట్ సంఘాలూ మన తరఫున చేసేస్తుంటే, దానిని అద్దె ఇంటి సమస్య అని మాత్రమే పిలిస్తే సరిపోదు.

చట్టం ఏం చెబుతోంది? రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛను ఇచ్చింది. కానీ 15వ అధికరణం మొదటి భాగం వివక్ష చూపరాదని శాసించింది ప్రభుత్వాన్ని. రెండో భాగం దుకాణాలు, హోటళ్ళు, వినోదస్థలాలు, బావులు, చెరువుల ప్రస్తావన చేసింది. అద్దె ఇంటి మాట అందులో లేదు. 2005లో అహ్మదాబాదు పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక చిన్న మైనారిటీ తన ఉనికిని కాపాడుకోవడానికి తెచ్చుకున్న ఆ తీర్పు, పెద్ద సమూహాలు తమ గేట్లు మూసుకోవడానికి కూడా అక్కరకొచ్చేదే. 2011లో మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రాసిన తీర్పు మరో దారి చూపింది. 15వ అధికరణంలోని "దుకాణం" అన్న మాటను రాజ్యాంగసభలో అంబేద్కర్ ఇచ్చిన వివరణ వెలుగులో విశాలంగా చదవాలని, ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఆ పరిధిలోకి వస్తాయని అది పేర్కొంది. అద్దె ఇంటిని బజారులో పెట్టినవాడికి కూడా అదే తర్కం ఎందుకు వర్తించకూడదు? ఈ ప్రశ్నను న్యాయస్థానం ముందు గట్టిగా నిలబెట్టవలసిన బాధ్యత మన న్యాయవాదులపై ఉన్నది.

శాసనం వైపు చూస్తే నిరాశే మిగులుతుంది. సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ కమిటీ కోరింది. దాని అమలును సమీక్షించిన అమితాబ్ కుందూ కమిటీ 2014లో వివక్షకు వ్యతిరేకంగా సమగ్ర చట్టం చేయమంది. శశి థరూర్ అలాంటి బిల్లును ప్రైవేటు సభ్యుని హోదాలో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ఏదీ ముందుకు కదలలేదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలంటుంది, నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటుంది. మతం పేరిట ఇల్లు నిరాకరించరాదని మాత్రం అనదు. అమెరికాలో 1968 నుంచే అలాంటి చట్టం ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు అద్దెకు తీసుకునే తెలుగువారు, ఏ మతం వారైనా సరే, దాని నీడలోనే ఉంటున్నారు. వారిలో కొందరికి హైదరాబాదులో ఫ్లాట్లు ఉన్నాయి. వాటిని ఎవరికి ఇవ్వవద్దని బ్రోకరుకు చెబుతారో వారే ఆలోచించుకోవాలి.

ఇక మన మొహల్లాల మాట. ముస్లింలు తమలో తాము ముడుచుకుపోతారని బయటివారు నిందిస్తారు. అహ్మదాబాదు జుహాపురా 2002 తర్వాత ఎందుకు అంతగా నిండిపోయిందో, 1992-93 అల్లర్ల తర్వాత ముంబయి కుటుంబాలు ముంబ్రాకు ఎందుకు తరలివెళ్ళాయో ఆ నింద మోపేవారు అడగరు. పక్కనే మస్జిద్, హలాల్ మాంసం, పండుగనాటి సందడి, కష్టానికి వచ్చి నిలబడే పొరుగు కావాలనుకోవడం తప్పేమీ కాదు. మలక్‌పేటలోనో సైదాబాదులోనో ఇష్టపడి ఉండేవారిని అక్కడ ఉన్నందుకు ఎవరూ సంజాయిషీ అడగరాదు. అయితే ఇష్టపడి ఉండటం వేరు, ఇంకెక్కడా దొరక్క ఉండటం వేరు. గత్యంతరం లేనివారికి అద్దె కూడా ఎక్కువే పడుతుంది. వారు వేరే చోటికి పోలేరని యజమానికి తెలుసు.

అక్కడి వసతుల పరిస్థితి ఏమిటి? 2020 ఫిబ్రవరిలో మెట్రో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి ఆగింది. ఫలక్‌నుమా దాకా మొదట అనుకున్న దారి వెనకబడిపోయింది. అదే ఏడాది అక్టోబరు వరదల్లో టోలిచౌకిలోని నదీమ్ కాలనీ, ఫలక్‌నుమా వైపున్న అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ నీట మునిగాయి. వేరే చోట ఇల్లు దొరకని కుటుంబాలు పల్లపు నేలల్లో, చెరువుల కింద ఇళ్ళు కట్టుకున్నాయి. ఇంటి నుంచి పనిచేసే మనిషికి ఒక పూట కరెంటు పోవడమంటే ఒక పూట జీతం ప్రశ్నార్థకం కావడమే. కాలువ, కరెంటు తీగ, ఇంటర్నెట్ కేబులు మన హక్కుల పోరాటానికి బయటి విషయాలని ఇకనైనా అనుకోకూడదు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హిజాబ్ చూసి ఇంటర్వ్యూలోనే ముఖం చిట్లించే చోట్ల, ఇంటి నుంచి చేసే పని మన చదువుకున్న ఆడపిల్లలకు కొత్త తలుపు తెరిచింది. కానీ రెండు గదుల ఇంట్లో తొమ్మిది మంది ఉంటే ఆమె పనిచేసే మూల ఎక్కడ? "ఇంట్లోనే ఉన్నావు కదా బేటీ, కాస్త ఛాయ్ పెట్టు" అన్న మాట రోజుకు ఆరుసార్లు వినబడే చోట ఆమె ఉద్యోగం ఎన్నాళ్ళు నిలుస్తుంది? మస్జిద్ కమిటీలు, షాదీఖానాల నిర్వాహకులు పగటిపూట ఖాళీగా పడివుండే ఒక హాలును మంచి ఇంటర్నెట్‌తో, ఆడవారికి వేరు వేళలతో తెరిచి ఉంచితే బస్తీలో పది కుటుంబాలు నిలబడతాయి. దీనికి ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

మనవైపు కూడా ఒకసారి చూసుకోవాలి. మెహదీపట్నంలో, అత్తాపూరులో మన యజమానులే ఒంటరి మహిళకు ఇల్లివ్వరు, పెళ్ళికాని యువకులకు ఇవ్వరు, మరో మస్లక్ వారైతే సందేహిస్తారు. దళిత కుటుంబం వస్తే ఫలానా ఫ్లాటు వాళ్ళు ఒప్పుకోరని, మనం రోజూ వినే ఆ పాత మాటనే మనవాళ్ళూ అంటారు. జుమా ఖుత్బాలో సమానత్వం విని ఇంటికొచ్చి టు-లెట్ బోర్డు దగ్గర దానిని మరిచిపోయేవారికి, బంజారాహిల్స్ యజమానిని తప్పుపట్టే నైతిక బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇల్లు వెతుకుతున్నవారికి కొన్ని మాటలు. ఫోనులోనే పూర్తి పేరు చెప్పండి. సగం పేరుతో ఇల్లు సంపాదిస్తే అమ్మీ, అబ్బా చూడటానికి వచ్చిన రోజున మళ్ళీ మొదటికి వస్తుంది. పగలు ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి చూడండి. వానాకాలంలో వీధిలో నీళ్ళు ఎంతదాకా వస్తాయో కిరాణా కొట్టువాడిని అడగండి, అతడు అబద్ధం చెప్పడు. మీ ఫోను సిగ్నలు ఏ గదిలో పోతుందో చూసుకోండి. కొనేవారు చెరువు శిఖం హద్దుల పటం చూడకుండా ఒక్క రూపాయి కూడా చేతులు మార్చవద్దు. 2024లో హైడ్రా ఏర్పడిన తర్వాత కూల్చివేతల భారం కొన్నవారి మీద ఎలా పడిందో అందరూ చూశారు. ఒప్పందం కాగితం మీద రాయించుకోండి.

ఇల్లు నిరాకరిస్తే దానిని మరిచిపోకండి. తేదీ, కాలనీ, అన్న మాటలు అన్నట్టుగా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. మెసేజీలు ఉంటే చెరిపివేయకండి. ఇలాంటి నోటుపుస్తకాలను ప్రతి బస్తీ నుంచి సేకరించి ఒకచోట చేర్చే పనికి మన సంఘాలు ఈ నెల నుంచే పూనుకోవాలి. రేపు న్యాయస్థానంలోనైనా, శాసనసభ్యుల ముందైనా పెట్టడానికి మన దగ్గర ఉండవలసిన మొదటి కాగితాలు అవే.