పొరుగువారికి మన మతమనిన ఏల గిట్టదు?



మా పాఠశాలలోని యొక బాలుడు మమ్ములను ఇట్లడిగెను: "అయ్యగారూ, మా ప్రక్కయింటివారు మంచివారే. అమ్మకు జ్వరము వచ్చినప్పుడు వారే గంజి కాచి యిచ్చిరి. అయినను మేము ఆరాధనకు పోవునప్పుడు మొగము త్రిప్పుకొందురు. మనము వారికేమి కీడు చేసితిమి?"

సత్యమును లోకము ప్రేమింపదని మేము వెంటనే ఉత్తరమిచ్చితిమి. బాలుడు తల యూపి వెళ్లిపోయెను. కాని రాత్రి పడుకొన్న పిమ్మట ఆ యుత్తరము మాకే చాలలేదు. తప్పంతయు పొరుగువానిమీద వేసి మనము హాయిగా నిద్రించుటకు అది చక్కని యుత్తరము. గంజి కాచి యిచ్చిన చేతులు సత్యమును ద్వేషించుచున్నవని యెట్లనగలము? కావున ఈ మాసము ఆ ప్రశ్ననే విచారింతము.

రంగూను పట్టణమున చౌక్తడాలో సూలే పగోడా యెదుట నిలిచి చూడుడు. దాని సమీపముననే ఇమ్మానుయేలు బాప్తిస్టు దేవాలయము, ఒక మసీదు, మహాబందూల తోట కానవచ్చును. 1852వ సంవత్సరపు యుద్ధానంతరము ఇంగ్లీషువారు పట్టణమును కొలిచి వీధులు తీర్చినప్పుడు ఈ పగోడానే నడిబిందువుగా నుంచుకొనిరి. ప్రక్కతోటకు ఫైచ్ అను తమ అధికారి పేరు పెట్టి, అందు విక్టోరియా రాణి విగ్రహమును నిలిపిరి. తరువాత ఆ తోటకు, ఇంగ్లీషువారితో పోరాడి 1825లో మరణించిన సేనాపతి మహాబందూల పేరు వచ్చెను. దేవాలయము 1885లో స్థాపితమైనది. బర్మా రాజును ఇంగ్లీషువారు సింహాసనమునుండి దింపిన సంవత్సరమును అదియే. ఈ రెంటికిని సంబంధము లేదని మన మెరుగుదుము. కాని రాజును పోగొట్టుకొన్నవానికి తుపాకియు సువార్తయు ఒకే యోడలో దిగినట్లు తోచుట వింతయా?

జడ్సను దొరగారి సంగతి చూడుడు. ఆయన అమెరికా దేశస్థుడు. 1813లో రంగూను రేవున దిగిరి. మొదటి బర్మీయుడు 1819లో బాప్తిస్మము పొందెను. 1824లో యుద్ధము రాగా, ఆవా నగరమున రాజభటులు ఆయనను సంకెళ్లతో చెరలో వేసిరి. ఆయన పడిన బాధలు మన సంఘములలో తరచుగా చెప్పబడును. అధికారులు ఏల యనుమానించిరో మాత్రము మనము చెప్పము. అమెరికానుండి వచ్చు ద్రవ్యము బంగాళా దేశముమీద వ్రాసిన హుండీల మూలమున, ఆవాలోని యొక ఇంగ్లీషు వర్తకుని ద్వారా ఆయనకు చేరుచుండెను. ఆ వర్తకుని లెక్క పుస్తకములలో ఆయన పేర సొమ్ము కనబడెను. హుండీల పద్ధతి యెరుగనివారికి అది వేగులవాని జీతముగా తోచెను. వారి తీర్పు తప్పే; అయినను అది కేవలము దుష్టత్వము కాదు. 1826లో యందబో సంధి మాటలయందు ఆయన దుభాషిగా నుండిరి. ఆ యేడే ఇంగ్లీషు రాయబారితో మరల ఆవాకు పోయిరి. అంతకు ముందే ఇంగ్లీషువారి వశమైన తీరమునకు తమ కాపురము మార్చుకొనియుండిరి. బైబిలునంతయు బర్మా భాషలోనికి తెచ్చిన ఆ మహనీయుని హృదయము దేవునికి తెలియును. పొరుగువానికి కనబడినది ఆయన యెవరి ప్రక్కను నిలిచెననునదే.

రెండవ కారణము అగౌరవము. పగోడా ప్రాంగణమున బర్మీయులు పాదరక్షలు విడిచి నడుతురు. తెల్లవారు బూట్లతోనే తిరుగుచుండిరి. దీనిపై గొప్ప యాందోళనము చెలరేగెను. 1919లో మాండలేలోని ఐందోయా పగోడాయందు భిక్షువులకును బూట్లతో వచ్చిన తెల్లవారికిని కొట్లాట జరిగెను. బూట్లు విప్పకుండుట సువార్తలో ఎచ్చటను లేదు. అయినను ఆ బూట్ల బురద సువార్తకు అంటినది.

అన్యదేశస్థులమన్న కారణమున మనమును అన్యాయపు తీర్పు నెరుగుదుము. కోరంగి రేవునుండి వచ్చితిమని తెలుగువారిని ఇచ్చట కొరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మెచేయగా, ఓడల కంపెనీలు బర్మీయులను పనికి పెట్టుకొనిరి. సమ్మె తీరగానే వారిని పంపివేసిరి. అందుండి పుట్టిన అల్లరిలో నూరుమందికి పైగా హతులైరి. జగడము కూలిని గూర్చినది. నింద పడినది జాతిమీద. అన్యదేశస్థుడును, పాలకుల మతస్థుడును అయిన తెలుగు క్రైస్తవునికి రెండు బరువులు.

మన స్వదేశమందు వినవచ్చు నింద వేరు. వీరు గంజి కొరకు మతము మార్చుకొనిరని యందురు. 1876-78 సంవత్సరముల కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించిరి. ఆ పని జరుగు కాలమున బాప్తిస్మము లిచ్చుట మానుకొనిరి. అన్నము కొరకు ఎవరును రాకూడదనియే. పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవునకు పూర్వమే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య విశ్వసించి పల్లెలు తిరిగి బోధించుచుండెను. కావున ఆ నింద న్యాయము కాదు. మాదిగవాడు పలక పట్టుటయే సహింపలేనివారును ఆ నిందను మోసిరి. అట్టి ద్వేషమునకు మనము తల వంచనక్కరలేదు. కాని అన్నమునకును బోధకును నడుమ గోడ యుంచవలెనని దొరగారే గ్రహించిరి గదా! మనము ఆ గోడను ఎల్లప్పుడును నిలిపితిమా?

ఇక మా తప్పు చెప్పుకొందుము. మాలో నొకడు క్రొత్తగా ఉపాధ్యాయుడైన దినములలో, పొరుగువారు రాళ్లకు మ్రొక్కు వెర్రివారని తరగతిలో నవ్వుచు చెప్పెను. పిల్లలును నవ్విరి. నవ్వనిది ఒక బాలిక. ఆమె తల్లి యింకను ఇంట దీపము పెట్టుచుండెను. మరునాటినుండి ఆ బాలిక బడికి రాలేదు. ఆ తల్లి ప్రభువును ద్వేషించెనా? లేదు. తన బిడ్డయెదుట తన్ను చిన్నబుచ్చిన నోటిని ద్వేషించెను. ఆ యింటికి పోయి క్షమాపణ వేడుటకు అతనికి ఏడాది పట్టెను. అప్పటికి బాలిక కూలికి పోవుచుండెను.

ప్రియులారా, మూడు సంగతులు మనవి చేయుచున్నాము. పొరుగువాడు మన మతమును నిందించినప్పుడు, ఉత్తరమిచ్చుటకు ముందు అతడు ఏమి చూచెనో, ఏమి వినెనో అడుగుడు. అతని దేవతను, అతని మృతులను పరిహసింపకుడు. అతని ప్రసాదము తినకున్నను, తెచ్చిన చేతిని ప్రేమతో పలుకరింపవచ్చును. సహాయము చేసిననాడు మతము మాట యెత్తకుడు. నిష్కారణముగా ద్వేషించువా రుందురు, నిజమే. వారికి సాత్వికముతో ఉత్తరమిచ్చుట మనకు విధింపబడినది. కాని వారిని లెక్కించుటకు ముందు మన బూట్లను చూచుకొందము.

1966లో బర్మా ప్రభుత్వము అన్యదేశపు మిషనెరీలను పంపివేసెను. దొరలు పోయినను సంఘము పోలేదు. ఇప్పుడు పొరుగువాడు చూచునది దొరను కాదు, మనలనే.

ఆ బాలుని మరల పిలిచి మా మొదటి యుత్తరము చాలదని చెప్పితిమి. "అయితే నేనేమి చేయవలెను?" అనెను. ప్రక్కయింటి అమ్మకు జబ్బు చేసినప్పుడు నీవును గంజి తీసుకొనిపొమ్మంటిమి.