బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

బడి గ్రంథాలయం సంగతి ఎత్తితే "ముందు మరుగుదొడ్లు, టీచర్లు రానివ్వండి, పుస్తకాలు తర్వాత చూద్దాం" అనే మాట మన సంఘాల్లోనే వినిపిస్తుంది. ఆ రెండింటి కోసం కొట్లాడవలసిందే. కానీ పుస్తకాన్ని వరుసలో ఆఖరున నిలబెట్టడానికి నేను ఒప్పుకోను. విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలులో మరుగుదొడ్లతో పాటే, ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ అందులో వార్తాపత్రికలు, కథల పుస్తకాలు ఉండాలనీ రాసి ఉంది. సమగ్ర శిక్ష కింద పుస్తకాలకి గ్రాంటు కూడా ఉంది. అయినా చాలా బళ్లలో గ్రంథాలయమంటే హెడ్మాస్టరు గదిలో తాళం వేసిన బీరువా. ఇన్‌స్పెక్షన్ రోజున అది తెరుచుకుంటుంది.

టీచర్లని తిట్టి లాభం లేదు. పుస్తకం పోయినా చిరిగినా స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పవలసింది వాళ్లే. ఆ భయానికి తాళమే తేలిక మార్గం. పిల్లలు చదివి చదివి చిరిగిన పుస్తకాన్ని లెక్కలోంచి కొట్టేసే వెసులుబాటు టీచరుకి ఉండాలని మనమే అడగాలి.

మగపిల్లవాడికి బడి బయట వేరే దారులున్నాయి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే పోయి కూర్చుంటాడు. అరుగు నిండా మగవాళ్లు పేపరు చదువుతున్న చోటికి పన్నెండేళ్ల ఆడపిల్లని ఏ తల్లి పంపుతుంది? (ఆ గ్రంథాలయం నడిచేది ఇంటిపన్నుతో పాటు మనమూ కట్టే సెస్సుతోనే!) బడి వదలగానే ఆ పిల్లకి నీళ్లబిందె, తమ్ముడు, పొయ్యి. పుస్తకం దొరికేది బడిలో, చదవడానికి తీరేది ఇంట్లో. అందుకే వారానికో లైబ్రరీ పీరియడ్ చాలదు. పుస్తకం సంచిలో ఇంటికి వెళ్లాలి.

వెళితే తల్లి కూడా చూస్తుంది. 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లని కదిలించిన వాటిలో అక్షరాస్యతా వాచకంలోని పాఠం ఒకటి. ఆ ఉద్యమం నెల్లూరు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. అయితే నేర్చుకున్న అక్షరం నిలవాలంటే చేతికి ఏదో ఒక పుస్తకం అందుతూ ఉండాలి. అది పతివ్రతల కథలే కానక్కర్లేదు.

అదే చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వ గ్రాంట్ల ఖర్చు మీద కన్నేసి ఉంచడం వాళ్ల పని. కానీ వాళ్లు ఎక్కువగా వినేది "సంతకం పెట్టి వెళ్లమ్మా" అన్న మాటే. కొన్ని చోట్ల మొగుడే వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. కమిటీ సమావేశానికి ముందురోజు మన కార్యకర్తలు ఆ తల్లులతో ఒక గంట కూర్చోవాలి. ఈ ఏడు పుస్తకాలకి ఎంత వచ్చింది, ఏ పుస్తకాలు కొన్నారు, ఎవరు ఎంచారు, కిందటి నెల ఎన్ని పుస్తకాలు ఆడపిల్లల ఇళ్లకి వెళ్లాయి అని వాళ్లే అడగాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం (2005) కింద దరఖాస్తు పెట్టవచ్చు. జవాబు వచ్చినా, పుస్తకాలు ఇంటికివ్వాలన్న తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కాకే సంతకం పెట్టమని చెప్పండి.