రోడ్లు వేశారు సరే, నోళ్లెందుకు మూతపడ్డాయి?

ఒక దేశాన్ని లొంగదీసుకోవాలంటే ఒకప్పుడు సైన్యాన్ని పంపేవారు. ఇప్పుడు రోడ్డు వేసి, రేవు కట్టి, అప్పిచ్చి కూడా పని జరిపించుకోవచ్చు. చైనా విదేశాంగ విధానాన్ని గమనిస్తున్న వారికి ఇది కొత్త సంగతి కాదు. అయితే ముస్లిం దేశాలతో చైనా నెరపుతున్న స్నేహం ఒక ప్రశ్నను మన ముందుంచుతోంది. ఆ ప్రశ్న చైనాకు వేయవలసింది కాదు, మనకు మనం వేసుకోవలసింది.

ఈ స్నేహం నిన్న మొన్నటిది కాదు. 1955లో బాండుంగ్ సమావేశానికి వచ్చిన చైనా ప్రధాని చౌ ఎన్ లై తన బృందంలో ఒక ఇమామును కూడా వెంట తెచ్చారు. కమ్యూనిస్టు పాలనలో ముస్లింలు క్షేమంగానే ఉన్నారని ఆసియా, ఆఫ్రికా దేశాలకు చూపడానికి అంతకంటే మంచి మార్గమేముంటుంది? 1971లో ఐక్యరాజ్యసమితిలో చైనా స్థానం కమ్యూనిస్టు ప్రభుత్వానికి దక్కింది. అనుకూలంగా 76, వ్యతిరేకంగా 35 ఓట్లు వచ్చాయి. ఆ గెలుపులో ఆసియా, ఆఫ్రికా దేశాల ఓట్లు కీలకమయ్యాయి. పెద్ద దేశానికైనా చిన్న దేశానికైనా అక్కడ ఒకటే ఓటు. ఈ లెక్కను చైనా ఆనాటి నుంచీ మరచిపోలేదు.

2013లో షీ జిన్‌పింగ్ 'బెల్ట్ అండ్ రోడ్' పథకాన్ని రెండు భాగాలుగా ప్రకటించారు. ఒకటి కజకస్తాన్‌లో, మరొకటి ఇండోనేషియాలో. రెండూ ముస్లింలు అత్యధికంగా గల దేశాలే. 2015లో పాకిస్తాన్‌తో 4,600 కోట్ల డాలర్ల ప్రణాళిక కుదిరింది. కష్గర్ నుంచి గ్వాదర్ రేవు దాకా దారి వేయాలన్నది దాని లక్ష్యం. ఇంతకూ ఆ కష్గర్ ఎక్కడుంది? ఉయ్‌గుర్ ముస్లింల గడ్డ అయిన షింజియాంగ్‌లో! చైనా నుంచి పడమటికి సాగే దారుల్లో ముఖ్యమైనవి ఆ నేల మీదుగానే పోతాయి.

ఆ నేల మీద 2017 నుంచి లక్షలాది మందిని విచారణ లేకుండా శిబిరాల్లో నిర్బంధించారు. అవి వృత్తి శిక్షణ కేంద్రాలని, ఉగ్రవాదాన్ని అరికట్టడానికే పెట్టామని చైనా వాదించింది. అక్కడ జరిగినవి మానవాళిపై నేరాలు కావచ్చునని 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తన నివేదికలో పేర్కొంది.

మరి ముస్లిం ప్రభుత్వాలు ఏం చేశాయి? 2019 మార్చిలో అబుదాబీలో సమావేశమైన ఇస్లామీయ సహకార సంస్థ, ముస్లిం పౌరుల బాగోగులు చూస్తున్నందుకు చైనాను ప్రశంసించింది! అదే ఏడు జూలైలో చైనాను సమర్థిస్తూ 37 దేశాలు లేఖ రాస్తే, వాటిలో సౌదీ అరేబియా, పాకిస్తాన్, ఈజిప్టు ఉన్నాయి. ఖతర్ మాత్రం తర్వాత తన సంతకాన్ని వెనక్కి తీసుకుంది. 2022 అక్టోబరు 6న ఆ నివేదికపై చర్చకు అనుమతించాలన్న ప్రతిపాదన మానవ హక్కుల మండలిలో 17-19 ఓట్లతో వీగిపోయింది. ఖండన కాదు, కేవలం చర్చ! ఇండోనేషియా, పాకిస్తాన్, ఖతర్ దానికి అడ్డుపడ్డాయి. మన దేశంతో సహా 11 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. పేద సోమాలియా మాత్రం చర్చ జరగాలని ఓటు వేసింది. పాశ్చాత్య దేశాల్లోని ఇస్లాం వ్యతిరేకతపై ముస్లిం నాయకులకు లేఖలు రాసిన ఇమ్రాన్ ఖాన్, ప్రధానిగా ఉండగా ఉయ్‌గుర్ల గురించి అడిగితే, చైనాతో ఏదున్నా తలుపులు మూసుకునే మాట్లాడుకుంటామన్నారు.

"మరి అమెరికా మాటేమిటి?" అని మనలో చాలామంది అడుగుతారు. అడగవలసిందే. ఇరాక్‌ను ధ్వంసం చేసి, గాజా విషయంలో ఇజ్రాయెల్‌కు ఆయుధాలిచ్చిన దేశం మానవ హక్కుల గురించి చెబితే గురివింద గింజ సామెతే గుర్తుకొస్తుంది. చైనా చేసిన మంచినీ కాదనలేము. అది 1988లోనే పాలస్తీనాను గుర్తించింది. 2023 మార్చిలో సౌదీ, ఇరాన్‌ల మధ్య సయోధ్య ఒప్పందం కుదిరింది బీజింగ్‌లోనే. చైనా డబ్బుతో వేసిన రోడ్ల మీద పేదల బస్సులూ నడుస్తున్నాయి. కాని ఒకరి కపటం మరొకరి అన్యాయాన్ని న్యాయం చేయదు. పొరుగువాడు రోడ్డు వేసి పెట్టాడని అతని ఇంట్లోంచి వినిపించే ఏడుపు విననట్టు ఉండగలమా?

అంతమాత్రాన చైనా ప్రజలను ద్వేషించమని కాదు. వారిలోనూ లక్షల మంది ముస్లింలున్నారు. మనం కోరేది ఒక్కటే: కొలబద్ద మారకూడదు. స్వజనులకు వ్యతిరేకమైనా సరే న్యాయానికే సాక్ష్యం చెప్పాలని మన పిల్లలకు నేర్పుతున్నాం. పాలస్తీనా పేరెత్తితే గొంతెత్తి, కష్గర్ పేరెత్తితే బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతే, రేపు మనకు అన్యాయం జరిగినప్పుడు నోరు విప్పమని ఇతరులను ఏ ముఖంతో అడుగుతాం? ప్రభుత్వాలకు అప్పులున్నాయి, వాటి లెక్కలు వాటికున్నాయి. మన నోటికి ఏ అప్పూ లేదు కదా!