మనసు కుదుటపడింది, మరి ఒంటి సంగతి?

స్కిజోఫ్రీనియా రోగి ఉన్న ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటున్నది: "మందులతో మనిషి కుదుటపడ్డాడు, కాని బాగా ఒళ్లు చేశాడు." మొదటి సగానికి సంతోషించి, రెండవ సగాన్ని తేలికగా తీసుకోవడం తగదని నా అభిప్రాయం.

1952లో క్లోర్‌ప్రోమజైన్ వాడుకలోకి వచ్చినది మొదలు ఈ తరహా మందులు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. అయితే వీటిలో కొన్ని, ముఖ్యంగా క్లోజపైన్, ఒలాంజపైన్, మెదడులో ఆకలిని అదుపు చేసే వ్యవస్థను తారుమారు చేస్తాయి. ఎంత తిన్నా తృప్తి కలగదు. బరువుతోపాటు రక్తంలో చక్కెర, కొవ్వు పెరుగుతాయి. అరిపిప్రజోల్ వంటి వాటితో ఈ బెడద తక్కువ. ఈ రోగుల ఆయుర్దాయం ఇతరులకంటె పదేళ్లకు పైగా తగ్గుతున్నదనీ, అందుకు గుండెజబ్బులు ముఖ్య కారణాలలో ఒకటనీ వైద్యులు గుర్తించారు. అది మందు పుట్టించిన ఆకలి గనుక "తిండిపోతు" అని రోగిని కసురుకోవడం అన్యాయం.

అట్లని మాత్రలు మాన్పించి కషాయాలతో సరిపెట్టడం అంతకంటె ప్రమాదకరం, వ్యాధి తిరగబెడుతుంది. సర్పగంధ మన వైద్యంలో ఉన్మాదానికి వాడినదే అయినా, రక్తపోటును తగ్గించే గుణం గలది. దానిని ఈ మాత్రలతో కలిపి సొంతంగా వాడితే రోగి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

మరి ఆయుర్వేదం మనకు చెప్పేదేమిటి? ప్రమేహానికి కారణాలుగా చరకుడు కదలక కూర్చునే సుఖాన్ని, అతినిద్రను, పెరుగును, కొత్త ధాన్యాన్ని, బెల్లపు పదార్థాలను పేర్కొన్నాడు. మందు మత్తులో పగలంతా పడుకునే మనిషికి ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది. కనుక ఇంట్లోవారే తోడుగా రోజూ నడిపించాలి. నోరెండుతున్నదంటే కూల్‌డ్రింకు బదులు పలుచని మజ్జిగ ఇవ్వాలి. మిఠాయిలు ఇంట్లో నిలవ ఉంచరాదు.

మందు ప్రారంభించే ముందే బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొలెస్టరాల్ చూపించాలి. 4, 8, 12 వారాలకు బరువు తూచాలి. 12వ వారంలో రక్తపోటు, రక్త పరీక్షలు మళ్లీ చేయించి, ఆపైన ఏటేటా చేయించడం శ్రేయస్కరం. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ఇందుకు కుట్టుమిషను దగ్గరి టేపు చాలు. ఈ అంకెలను తేదీలతో ఒక పుస్తకంలో రాసి, వెళ్లిన ప్రతిసారీ మానసిక వైద్యునికి చూపించండి. మందు మార్చడమా, మెట్‌ఫార్మిన్ చేర్చడమా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఆయన అడగకపోతే మీరే అడగండి.